కొసరు

ప్రొజెక్టర్ ఆపేయమన్నాను.
మొదటి పాఠం జల్లెడతో.

కొత్త బూట్లు, మెడలో పేర్ల కార్డులు,
డిగ్రీల మీద ఇంకా ఆరని సిరా.
పన్నెండు మంది పిల్లలు
గుల్వెన్ పాక వెనక, బ్రిటనీ వానలో నిలబడి
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
పేడ తీసి జల్లెడలో వేసి
నీళ్ళ గొట్టం విప్పాను.
పచ్చనీళ్ళు జారిపోయాక మిగిలాయి
మొక్కజొన్న గింజలు
చెక్కుచెదరకుండా.

"ఇది ఆవు తిన్నది కాదు," అన్నాను,
"ఆవు గుండా ప్రయాణం చేసింది."
ఎనోరా ఒక గింజను గోటితో నొక్కి చూసింది.
నవ్వలేదు.
ఈ పిల్లకి పని వస్తుందనుకున్నాను.

తర్వాత పాలు.
పాలు చాడీలు చెబుతాయి.
ట్యాంకు చీటీలో యూరియా అంకె మూడు వందలు దాటితే
మేతలో మాంసకృత్తులు ఎక్కువై
పొదుగులో చోటు చాలక
మూత్రంలో దారి వెతుక్కుంటున్నట్టు.
మూత్రం గచ్చు మీదికి, గచ్చు నుంచి గుంటలోకి,
గుంట నుంచి పొలంలోకి, పొలం నుంచి వాగులోకి.
వాగుకి దారి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కణ్ణించి పదకొండు కిలోమీటర్లు మా అఖాతం.
జూన్ వస్తే ఇసుక కనపడదు.
మోకాలి లోతు పచ్చనాచు
ఎండకి కుళ్ళి, మురిగిన గుడ్ల కంపు.
బుల్డోజర్లు ఎత్తిపోస్తాయి,
మరుసటి పోటుకి మళ్ళీ పరుచుకుంటుంది.
నేను గవ్వలేరిన చోట పుర్రెబొమ్మ బోర్డు.
ఊరు రైతుని చూపిస్తుంది, రైతు మిల్లుని,
మిల్లు బజారుని.
వేళ్ళకి కొదవలేదు మాకు.

దాణా గదిలో
తాంగీ గోడ మీది కాగితం చదివాడు.
ప్లాస్టిక్ కవరు, పసుపెక్కిన అంచులు.
సోయా చెక్క మూడున్నర కిలోలు.
పక్కన పెన్సిల్‌తో:
ఎందుకైనా మంచిది, ఇంకో మూడు వందల గ్రాములు.
"ఎవరు మేడమ్ ఈ మేధావి?"

గుల్వెన్ నా వైపు చూశాడు.
టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.
నోరు విప్పలేదు.

నేనే.
మిల్లు జీతం తిన్న రోజుల నా చేతిరాత.
గడ్డిని పరీక్షకి పంపడం ఖర్చు,
తెలియకపోవడం చవక.
తెలియని చోటల్లా ఒక కొసరు వేసేవాళ్ళం.
పాలు తగ్గితే తిట్లు,
మేత మిగిలితే అడిగేవాడు లేడు.
కొసరి వడ్డించే చేతిని
ఎవరు తప్పుపడతారు?

"లెక్క కట్టండి," అన్నాను. గొంతు బొంగురుపోయింది.
డెబ్బై ఆవులు. రోజుకి ఇరవై ఒక్క కిలోలు.
ఏడాదికి ఏడున్నర టన్నుల పైచిలుకు.
ఇరవై రెండేళ్ళు.
మాలో ఫోను తీశాడు.
వద్దన్నాను. కాగితం మీద చెయ్యి,
వేళ్ళు నొప్పిపుట్టాలి.
ఇది ఒక్క పాక.
నేను రాసినవి నూట నలభై.

మధ్యాహ్నం ప్రణాళిక రాశారు.
గడ్డి పరీక్ష ఏ నెలల్లో,
తొట్టి అడుగున మిగిలింది ఎవరు తూస్తారు,
వట్టిపోయిన ఆవుకి పాలిచ్చే ఆవు మేత ఎందుకు,
తవుడులోనే ఫాస్ఫరస్ ఉండగా
ఈ పొడి సంచి ఎవరి కోసం.

"పాలు పడిపోతే?" అన్నాడు గుల్వెన్.
నా దగ్గర పట్టికలున్నాయి, గ్రాఫులున్నాయి.
ఎనోరా ముందే అంది:
"ఫోన్ చెయ్యండి. తెల్లారకముందైనా వస్తాను."
ఆ వాక్యం నా పాఠంలో లేదు.
ఎక్కడ చేర్చాలో తెలియక
అంచున రాసుకున్నాను.

వెళ్ళేముందు చూశాను:
గుల్వెన్ కాగితం చింపలేదు.
పెన్సిల్ గీతని రబ్బరుతో రుద్దుతున్నాడు.
పూర్తిగా పోలేదు.
వెలుగుకి పెడితే ఇంకా కనిపిస్తోంది
మూడు వందలు.

ఈ జూన్‌లోనూ నాచు వస్తుంది.
నేలలో నేను దాచింది
ఇంకా ఖర్చు కాలేదు.

బూట్లు కడుక్కోండన్నాను పిల్లలతో.
నీళ్ళు
చూసి వాడండి.